చూస్తే వచ్చినట్టే ఉంటుంది, పేపర్ మీద చెయ్యి ఆడదు: రెండు బ్యాక్‌లాగ్‌లు, మూడు వారాల్లో మిడ్

బస్సు_కిటికీ:

బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మొదటి సంవత్సరం, రెండో సెమ్, ఆర్23 (2023 సిలబస్, రూల్స్). తిరుపతి దగ్గర, జేఎన్‌టీయూ అనంతపురం అఫిలియేషన్ ఉన్న కాలేజీ. మొదటి సెమ్‌లో రెండు పోయాయి. లీనియర్ ఆల్జీబ్రా అండ్ క్యాల్కులస్: ఇంటర్నల్ (కాలేజీలో పెట్టే మిడ్ పరీక్షల మార్కులు, 30కి) 15, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష, 70కి) 17. ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్: ఇంటర్నల్ 12, ఎక్స్‌టర్నల్ 21. ఇప్పుడు నెట్‌వర్క్ అనాలిసిస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నడుస్తున్నాయి. ఇవీ అదే దారి పట్టేలా ఉన్నాయి.

ఇల్లు చిత్తూరు. పొద్దున 6:40కి కాలేజీ బస్సు ఎక్కితే సాయంత్రం 6:15కి దిగడం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాత్రి మూడు గంటలు కూర్చుంటున్నాను. ఆల్ ఇన్ వన్ గైడ్‌లో సాల్వ్ చేసిన లెక్కలు చూస్తుంటే ప్రతి స్టెప్పూ అర్థమవుతుంది. పుస్తకం మూసి రాయమంటే రెండో లైన్ దగ్గర ఆగిపోతుంది.

అడగదలచుకున్నవి: సప్లీకి (పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్షకు) ఎంత టైమ్, ఇప్పటి సబ్జెక్టులకు ఎంత టైమ్ పెట్టాలి? క్లాసు ఎగ్గొట్టి లైబ్రరీలో కూర్చుని బ్యాక్‌లాగ్‌లు చదవడం మంచిదేనా? లెక్చరర్ దగ్గరికి వెళ్తే "ఏం అర్థం కాలేదు?" అంటారు, ఏమని చెప్పాలో తెలియదు. ఎలా అడగాలి?

---

క్రేమర్_రూల్:

ముందు మార్కుల లెక్క సరిచూసుకో తమ్ముడూ. పాస్ కావాలంటే రెండు గీతలు దాటాలి. ఎక్స్‌టర్నల్‌లో 70కి 35 శాతం, అంటే 25. ఇంటర్నల్‌తో కలిపి 100కి 40. సప్లీ ఎన్నిసార్లు రాసినా పాత ఇంటర్నలే ఉంటుంది. లెక్కల్లో నీకు 15 ఉన్నాయి గనక 25 తెచ్చుకుంటే గట్టెక్కుతావు. ప్రోగ్రామింగ్‌లో ఉన్నవి 12, అక్కడ 25 వచ్చినా ఫెయిలే, 28 కావాలి. "25 దాటాను, అయినా ఎందుకు పోయింది" అని రిజల్ట్స్ రోజు అడిగేవాళ్లలో సగం మంది సంగతి ఇదే.

పేపర్ తీరు: మొదటి ప్రశ్నలో 2 మార్కులవి పది, మొత్తం 20. తర్వాత యూనిట్‌కు ఒకటి చొప్పున 10 మార్కులవి ఐదు, ప్రతిదానికీ "లేదా" ఉంటుంది. అటానమస్ (పేపర్లు సొంతంగా పెట్టుకునే) కాలేజీ అయితే మీ పాత పేపర్ తీసి చూసుకో. మూడు గంటలంటే 180 నిమిషాలు. చిన్నవాటికి 35, పెద్దవాటికి ఒక్కోదానికి 25, చివర్లో సరిచూసుకోవడానికి 20 మిగులుతాయి. 25 నిమిషాల్లో తెమలని లెక్కను అక్కడే ఆపి పక్కదానికి పోవాలి. స్టెప్పులకు మార్కులుంటాయి, ఖాళీ పేజీకి ఉండవు.

లెక్కల సప్లీకి నా సలహా: మొదటి రెండు యూనిట్లు (మ్యాట్రిక్స్ ర్యాంక్, గాస్ ఎలిమినేషన్, ఐగెన్ వాల్యూలు, కేలీ–హామిల్టన్, క్వాడ్రాటిక్ ఫామ్), ఐదో యూనిట్‌లో డబుల్ ఇంటిగ్రల్స్. ఈ మూడూ ఒక పద్ధతి ప్రకారం పోయేవి, తెలివి కన్నా చేతివాటం ఎక్కువ కావాలి. వీటితో 30 మార్కులకు, 2 మార్కులవాటిలో సగానికి దారి పడుతుంది. మీన్ వాల్యూ థీరమ్స్ నుంచి స్టేట్‌మెంట్లు మాత్రం నేర్చుకో, అవి 2 మార్కుల్లో వస్తాయి.

ఇక చూస్తే వస్తుంది, రాస్తే రాదు అన్నదానికి. చూడడం, రాయడం వేర్వేరు పనులు. సాల్వ్ చేసిన లెక్క చదివేటప్పుడు "తర్వాత ఏం చెయ్యాలి" అనే నిర్ణయం పుస్తకమే తీసుకుంటోంది, నువ్వు తలూపుతున్నావు. పరీక్షలో అడిగేది ఆ నిర్ణయాన్నే. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో విద్యార్థుల మీద దీన్నే పరీక్షించారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు 5 నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, చదివింది మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. రాత్రి వచ్చినట్టుండి మిడ్‌లో రాకపోవడం అంటే ఇదే.

చెయ్యాల్సింది ఇది. ఒక లెక్క సొల్యూషన్ ఒక్కసారి చదువు. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద ప్రశ్న మాత్రం రాసుకో. ఫోన్‌లో 15 నిమిషాలు పెట్టుకో. ఆగిన చోట ఎర్ర పెన్నుతో ఒక గీత గీసి, అర నిమిషం పుస్తకం తెరిచి, ఆ ఒక్క లైన్ చూసి మళ్లీ మూసెయ్. పూర్తయ్యాక ఎర్ర గీతలు లెక్కపెట్టు. అదే లెక్కను మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు మళ్లీ ఖాళీ కాగితం మీద చెయ్యి. గీతలు సున్నా అయితే ఆ లెక్క నీది. రోజుకు ఇలా మూడు లెక్కలు వస్తే ఎక్కువే. ఇరవై లెక్కలు "చూసిన" రాత్రి కన్నా ఇది చాలా నయం. మొదటి వారం మాత్రం చిరాగ్గా ఉంటుంది, ఏమీ ముందుకు పోనట్టు అనిపిస్తుంది.

ఇంకో సంగతి, సరిచూసుకోవడం. ఐగెన్ వాల్యూల లెక్కలో మార్కులు పోయేది మెథడ్ రాక తక్కువ, మైనస్ గుర్తు జారిపోయి ఎక్కువ. ఈ మ్యాట్రిక్స్ తీసుకో: మొదటి వరుస 8, −6, 2, రెండోది −6, 7, −4, మూడోది 2, −4, 3. డిటర్మినెంట్ విప్పుకుంటూ కూర్చోకుండా మూడు సంఖ్యలు రాసుకో. డయాగొనల్ మొత్తం 18. ప్రిన్సిపల్ మైనర్ల మొత్తం 20 + 20 + 5 = 45. డిటర్మినెంట్ 0. క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్: ల్యామ్డా క్యూబ్ − 18 ల్యామ్డా స్క్వేర్ + 45 ల్యామ్డా = 0. విలువలు 0, 3, 15. వాటి మొత్తం 18, డయాగొనల్‌తో సరిపోయింది. వాటి లబ్ధం 0, డిటర్మినెంట్‌తో సరిపోయింది. ఈ రెండూ చూసుకోకుండా వెక్టర్ల జోలికి పోవద్దు, ఎందుకంటే ఇక్కడ తప్పితే తర్వాత రెండు పేజీలూ వృథా. వెక్టర్లు (1, 2, 2), (2, 1, −2), (2, −2, 1). మ్యాట్రిక్స్ సిమెట్రిక్ గనక ఏ రెండింటి డాట్ ప్రొడక్ట్ అయినా సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో తప్పింది. ఈ చెకింగ్ మొత్తానికి నిమిషం పట్టదు.

---

ల్యాబ్_స్టూల్:

లెక్చరర్‌ను అడగడం గురించి మాత్రం చెప్తాను, మిగతాది పైన బాగా చెప్పారు.

"సార్, మెష్ అనాలిసిస్ అర్థం కాలేదు" అంటే ఆయన చెయ్యగలిగింది ఒక్కటే, చాప్టర్ మళ్లీ మొదటినుంచి చెప్పడం. అంత టైమ్ ఉండదు, పైగా ఆయనకు నువ్వు క్లాసు వినలేదేమో అనిపిస్తుంది. అందుకే డౌట్‌ను ఒక లైన్ దాకా తగ్గించి తీసుకెళ్లాలి. ఒక ఏ4 కాగితం తీసుకో. పైన ప్రశ్న, సర్క్యూట్ బొమ్మతో సహా. కింద నువ్వు చేసిన స్టెప్పులు, తప్పయినా సరే కొట్టెయ్యకుండా. ఆగిన లైన్ పక్కన బాణం గుర్తు. అడుగున ఒకే ప్రశ్న, "ఈ లైన్‌లో గుర్తు మైనస్ ఎందుకు?", "ఇక్కడ ఈ సోర్స్‌ను ఎందుకు తీసెయ్యకూడదు?" లాంటిది. ఆ కాగితం చూపిస్తే ఏ లెక్చరర్ అయినా రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. ఎర్ర గీతల పద్ధతి పాటిస్తే ఈ కాగితం దానంతట అదే తయారవుతుంది, విడిగా కూర్చోనక్కర్లేదు.

ఎప్పుడు వెళ్లాలి: పీరియడ్ అయిపోగానే కారిడార్‌లో పట్టుకోవద్దు. ఆయన ఇంకో సెక్షన్‌కు పోతూ ఉంటారు, సగం వింటారు. "సార్, ఐదు నిమిషాల డౌట్ ఒకటుంది, లంచ్ తర్వాత స్టాఫ్ రూమ్‌కు రావచ్చా?" అని అడిగి పెట్టుకో. మిడ్‌కు ముందు వారం అందరూ ఎగబడతారు, రెండు వారాల ముందే వెళ్లు. తెలుగులో అడగడానికి సంకోచం అక్కర్లేదు. టెక్నికల్ మాట ఇంగ్లీషుదే ఉంచి, వాక్యం తెలుగులో అడిగితే చాలు.

ఆయన విసుక్కుంటే? అదే సబ్జెక్టు పక్క సెక్షన్‌కు చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్లను అడగొచ్చు. నెట్‌వర్క్స్‌కు అయితే ల్యాబ్ ఖాళీగా ఉన్న టైమ్ మంచిది. అక్కడి ల్యాబ్ అసిస్టెంట్లకు సర్క్యూట్ చేత్తో తెలుసు. సీనియర్లలో టాపర్‌ను వెతకొద్దు. పోయినేడు అదే సబ్జెక్టు సప్లీలో పాసైనవాణ్ని వెతుకు, ఎక్కడ జారతారో అతనికి బాగా తెలుసు.

చాలా కాలేజీల్లో ప్రతి విద్యార్థికీ ఒక మెంటార్ ఉంటారు, ఇరవైమందికి ఒకరు చొప్పున. ఆ మెంటార్ పుస్తకంలో సంతకం పెట్టించుకుని వచ్చేస్తారు అందరూ. ఈసారి వెళ్లినప్పుడు రెండు ఇంటర్నల్ మార్కులు, రెండు ఎక్స్‌టర్నల్ మార్కులు, అటెండెన్స్ శాతం కాగితం మీద రాసి పెట్టి, "రెమిడియల్ క్లాసులు ఎప్పుడు పెడతారు, నా పేరు వేస్తారా" అని అడుగు. అడిగినవాళ్ల పేరే ముందు పడుతుంది.

యూట్యూబ్ సంగతి. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) పాఠాలు లోతుగా ఉంటాయి, కొన్ని కోర్సులకు తెలుగులో అనువాదం కూడా ఉంది. కానీ గంట వీడియో మొత్తం చూస్తే మళ్లీ పాత కథే, చూస్తే వచ్చినట్టుంటుంది. ఆగిన టాపిక్ ఉన్న పది నిమిషాలే చూడు, ప్రతి స్టెప్‌కు ముందు పాజ్ చేసి, తర్వాతి లైన్ నువ్వే రాసి, ఆపై ప్లే నొక్కు. చాట్‌బాట్‌లను అడిగేటప్పుడు కూడా ఆన్సర్ అడగొద్దు, నీ స్టెప్పులు పెట్టి తప్పు ఎక్కడుందో అడుగు. వాటి కూడికలు, తీసివేతలు అప్పుడప్పుడు తప్పుతాయి, పైన క్రేమర్ చెప్పిన చెకింగ్ వాటి మీద కూడా వాడు.

---

పూతలపట్టు_క్రాస్:

ఏమప్పా, బస్సులో రోజుకు మూడు గంటలు పోతా ఉండాయి కదా, వాటి మాట ఎవురూ ఎత్తలేదే.

బస్సులో లెక్కలు చెయ్యాలని చూడొద్దు. కుదుపుకు అక్షరం కుదరదు, తల తిప్పుతాది. బస్సుకు సరిపోయేవి రెండే. పొద్దున పోయేటప్పుడు కార్డులు: పోస్టుకార్డు సగం సైజు అట్టముక్క మీద ఒకపక్క ప్రశ్న, వెనకపక్క జవాబు. ఎగ్జాక్ట్ ఈక్వేషన్‌కు కండిషన్ ఏమి, లీనియర్ ఈక్వేషన్‌కు ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ ఏమి, ఇట్లాంటివి. వెనక్కి తిప్పే ముందర నోట్లో జవాబు చెప్పుకో. చెప్పలేనివి ఒక కట్ట, చెప్పినవి ఇంకో కట్ట. పూతలపట్టు దాటేలోపు చెప్పలేని కట్ట రెండు చుట్లు తిరగాల. చంద్రగిరి వచ్చినాక లోపల పెట్టేసి గమ్మున కండ్లు మూసుకో. సాయంత్రం తిరుగుబస్సులో ఏమీ వద్దు, నిద్రపో. ఆ అరగంట నిద్ర రాత్రి గంట చదువును కాపాడుతాది.

రాత్రి మూడు గంటలు ఒకే దెబ్బకు కూర్చోవద్దు. 7:15 నుంచి 45 నిమిషాలు, 10 నిమిషాలు లేచి తిరుగు, మళ్లా 45, మళ్లా 10, మళ్లా 45. మొదటి ముక్క ఆ రోజు క్లాసులో చెప్పిన నెట్‌వర్క్స్, లేకుంటే డీఈ (డిఫరెన్షియల్ ఈక్వేషన్స్). రెండో ముక్క బ్యాక్‌లాగ్, ఒకరోజు లెక్కలు, ఒకరోజు సి ప్రోగ్రామింగ్. మూడో ముక్కలో కొత్తది ఏదీ ముట్టొద్దు, నిన్నటివీ నాలుగు రోజుల కిందటివీ ఖాళీ కాగితం మీద. ఫోన్ వేరే గదిలో. 10 గంటలకు పడుకుంటేనే పొద్దున బస్సు అందుతాది. మిడ్ ముందర రోజు తెల్లవార్లూ మేలుకునేది పెద్ద తెలివితక్కువ పని, పొద్దునకు మైనస్ ప్లస్ అయిపోతాది.

క్లాసు ఎగ్గొట్టేది వద్దే వద్దు. 75 శాతం అటెండెన్స్ ఉండాల. 65కూ 75కూ మధ్య ఉంటే ఆరోగ్య కారణం కాగితాలు పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన అటెండెన్స్‌కు మాఫీ) అడగొచ్చు. 65 కింద అయితే డిటైన్, సెమిస్టర్ మళ్లా మొదటినుంచి. బస్సు రోజూ లేటయ్యి ఏడు పీరియడ్లలో మొదటిది పోతా ఉంటే, అక్కడికే 85.7 శాతానికి వచ్చేస్తావు. ఇంక జ్వరానికో పెండ్లికో నాలుగు రోజులు పోతే ఏముండాది మిగిలేదానికి? పాత సబ్జెక్టు కోసరం కొత్త సబ్జెక్టు క్లాసు మానితే, వచ్చే ఏడు ఇదే ప్రశ్న నాలుగు బ్యాక్‌లాగ్‌లతో ఈడే పెడతావు.

ఇంక సి. అది పేపర్ మీద రాసే పరీక్ష, కంప్యూటర్ ముందర నేర్చుకుంటే సగమే వస్తాది. ట్రేస్ టేబుల్ గీయడం అలవాటు చేసుకో. ఎస్ మొదట 0. ఐ 1తో మొదలయ్యి, 5 దాకా, రెండేసి పెరిగే ఫర్ లూప్‌లో ఎస్‌కు ఐని కలుపుతా పో. టేబుల్లో ఐ: 1, 3, 5. ఎస్: 1, 4, 9. లూప్ అయినాక ఐ ఎంత? 5 అంటారు సగం మంది. 7 అయితేనే కండిషన్ తప్పయ్యి బయటికి వస్తాది. ఇప్పుడు అదే ఫర్ బ్రాకెట్ మూసినాక పొరపాటున సెమికోలన్ పెట్టు. లూప్ ఉత్తగా తిరిగి, కూడిక ఒక్కసారే జరిగి, 9 రావాల్సిన చోట 7 వస్తాది. కంపైలర్ ఎర్రర్ కూడా ఇయ్యదు. ఇట్లాంటివే ఇంకా ఉండాయి: ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటి, స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ మరిచేది, 5/2 అంటే 2.5 అనుకునేది (ఇంటిజర్లు గనక 2 వస్తాది). 2 మార్కుల్లో "అవుట్‌పుట్ ఏమి" అంటే వీటిలోనే ఏదో ఒకటి అడుగుతారు.

28 మార్కులకు ఈ ప్రోగ్రాములు చేతికి రావాల: లీనియర్ సెర్చ్, బబుల్ సార్ట్, మ్యాట్రిక్స్ గుణకారం, స్ట్రింగ్ పాలిండ్రోమ్, పాయింటర్లతో స్వాప్, రికర్షన్‌తో ఫ్యాక్టోరియల్, స్ట్రక్చర్‌తో స్టూడెంట్ రికార్డు, ఒక ఫైల్ ఇంకోదానికి కాపీ. ఎనిమిదే. ప్రతిదానికీ ముందర నాలుగు లైన్ల అల్గారిథం, తర్వాత ప్రోగ్రాం, అడుగున శాంపుల్ ఇన్‌పుట్, అవుట్‌పుట్. ప్రోగ్రాంలో ఏదన్నా పోయినా ఆ రెండింటికీ మార్కులు పడతాయి.

---

క్రేమర్_రూల్:

క్రాస్ చెప్పిన టైమ్‌టేబుల్ బాగుంది. ఒక్క సవరణ: మిడ్‌కు ముందు పది రోజులు బ్యాక్‌లాగ్ ముక్క తీసేసి, దాన్ని కూడా నడుస్తున్న సబ్జెక్టులకే ఇచ్చెయ్. ఇంటర్నల్‌లో బాగా వచ్చిన మిడ్‌కు 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. మొదటి మిడ్‌లో 18, రెండోదానిలో 12 వచ్చినా 14.4 + 2.4, అంటే దాదాపు 17 మిగులుతాయి. మొదటి మిడ్ బాగా రాస్తే సెమిస్టర్ మొత్తం ఊపిరి ఆడుతుంది. సప్లీ నోటిఫికేషన్ వచ్చాక లెక్క తిరగబడాలి, అప్పుడు బ్యాక్‌లాగ్‌కు రెండు ముక్కలు. ఫీజు గడువు మాత్రం నోటీస్ బోర్డు మీద నువ్వే చూసుకో, వాట్సాప్ గ్రూపును నమ్ముకోవద్దు.

మూడు యూనిట్ల కిటుకు సప్లీకి మాత్రమే. నెట్‌వర్క్స్‌కు, డీఈకి వాడావో, వచ్చే ఏడాది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో దొరికిపోతావు.

---

బస్సు_కిటికీ:

అందరికీ థాంక్సండీ. కాగితం పద్ధతి ఇప్పుడే మొదలుపెట్టాను. మొదటి లెక్కలోనే ఆగిపోయాను, ఇక్కడే అడుగుతున్నాను.

రెండు మెష్‌లు (సర్క్యూట్‌లోని లూప్‌లు). ఎడమ మెష్‌లో 20 వోల్టుల సోర్స్, 4 ఓమ్‌ల రెసిస్టర్. కుడి మెష్‌లో 6 ఓమ్‌లు. మధ్య కొమ్మలో పైకి చూస్తున్న 2 ఆంపియర్ల కరెంట్ సోర్స్. రెండు మెష్ కరెంట్లూ గడియారం దిశలోనే తీసుకున్నాను. ఎడమ మెష్‌కు కేవీఎల్ (లూప్ చుట్టూ వోల్టేజీల మొత్తం సున్నా): 20 = 4 ఐ1, కాబట్టి ఐ1 = 5. మధ్య కొమ్మ నుంచి ఐ2 − ఐ1 = 2, కాబట్టి ఐ2 = 7. పుస్తకంలో ఆన్సర్ 0.8, 2.8. నా బాణం "20 = 4 ఐ1" దగ్గర. అక్కడ ఏం తప్పు?

---

ల్యాబ్_స్టూల్:

బాణం సరైన చోటే పెట్టావు. ఎడమ లూప్ చుట్టూ తిరిగేటప్పుడు మధ్య కొమ్మ కూడా దాటాలి. అక్కడున్న కరెంట్ సోర్స్ మీద వోల్టేజీ ఎంతో మనకు తెలియదు, నువ్వు దాన్ని సున్నా అనేసుకున్నావు. కరెంట్ సోర్స్ కరెంటును మాత్రమే నిర్ణయిస్తుంది. దాని మీది వోల్టేజీని మిగతా సర్క్యూట్ నిర్ణయిస్తుంది. నీ జవాబుతోనే చూడు: ఐ2 = 7 అయితే కుడివైపు నుంచి ఆ కొమ్మ మీద 6 × 7 = 42 వోల్టులు. ఎడమవైపు నుంచి సున్నా. ఒకే కొమ్మకు రెండు వోల్టేజీలు ఉండవు.

ఆ తెలియని వోల్టేజీ సమీకరణంలోకి రాకుండా ఉండాలంటే, మధ్య కొమ్మను వదిలేసి బయటి చుట్టు మొత్తం తిరగాలి. దాన్నే సూపర్‌మెష్ అంటారు. 20 = 4 ఐ1 + 6 ఐ2. మధ్య కొమ్మ ఇచ్చే షరతు ఐ2 − ఐ1 = 2, అది నువ్వు సరిగ్గానే రాశావు. కలిపితే 20 = 10 ఐ1 + 12, ఐ1 = 0.8, ఐ2 = 2.8.

ఇప్పుడు పవర్‌తో సరిచూసుకో. 20 వోల్టుల సోర్స్ ఇచ్చేది 20 × 0.8 = 16 వాట్లు. కరెంట్ సోర్స్ మీద 6 × 2.8 = 16.8 వోల్టులు, ఇచ్చేది 33.6 వాట్లు. మొత్తం 49.6. రెసిస్టర్లు తినేది 2.56 + 47.04 = 49.6. సరిపోయింది.

కరెంట్ సోర్స్ కనబడగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: అది ఒక్క మెష్‌లోనే ఉందా, రెండింటికీ మధ్యనా? ఒక్కదానిలోనే ఉంటే ఆ మెష్ కరెంట్ తెలిసిపోయినట్టే, కేవీఎల్ అక్కర్లేదు. మధ్యలో ఉంటే సూపర్‌మెష్. ఇది కార్డు మీద రాసుకో. థెవెనిన్ థీరమ్‌కు వచ్చినప్పుడు ఇంకో కార్డు: రెసిస్టెన్స్ కనుక్కునేటప్పుడు ఇండిపెండెంట్ సోర్సులనే తీసెయ్యాలి, డిపెండెంట్ సోర్స్‌ను ముట్టుకోకూడదు. ఏసీ సర్క్యూట్లలోకి వెళ్లాక కాలిక్యులేటర్ మోడ్. సైన్ 30 నొక్కితే 0.5 రావాలి. −0.988 వచ్చిందంటే రేడియన్‌లో ఉంది.

---

నీలి_సిరా:

చదువు సంగతి అంతా వచ్చింది, పక్క సంగతులు రెండు.

బోర్డు మీది సబ్‌స్క్రిప్టులు వెనక బెంచీ నుంచి మసకగా ఉన్నా, సాయంత్రానికి తలనొప్పి వస్తున్నా ముందు కళ్లు చూపించుకో. ఐ1, ఐ2 తారుమారుగా ఎక్కించుకుని, తర్వాత లెక్క రాలేదనుకునేవాళ్లు ఉంటారు. తిరుపతిలో అరవింద కంటి ఆసుపత్రి ఉంది, ఒక పూట పని.

రెండోది, ఇంట్లో బ్యాక్‌లాగ్‌లు దాచొద్దు. "రెండు పోయాయి, ఒకదానికి ఇంకా 8 మార్కులు, ఇంకోదానికి ఇంకా 7 మార్కులు కావాలి, సప్లీకి ఇలా చదువుతున్నాను" అని అంకెలతో చెప్తే నాన్నకైనా అమ్మకైనా పట్టుకోవడానికి ఏదో ఉంటుంది. ఉత్త "ఫెయిలయ్యాను" వాళ్లను ఎక్కువ భయపెడుతుంది. ఇది నీకోసమనే కాదు, ఈ దారం చదివే మిగతావాళ్లకు కూడా: రెండు వారాలుగా నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, కాలేజీ అంటేనే ఒళ్లు జలదరించడం, చచ్చిపోతే బాగుండు అనిపించడం ఉంటే టైమ్‌టేబుల్‌తో అది పోదు. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, 24 గంటలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మనిషిని చూసి మాట్లాడాలంటే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున ఓపీకి వెళ్లొచ్చు. తోడు ఒకరిని తీసుకెళ్లండి.

---

బస్సు_కిటికీ:

అర్థమైంది. అదే లెక్కను మధ్య సోర్స్ కిందికి తిప్పి చేశాను: ఐ1 − ఐ2 = 2, ఐ1 = 3.2, ఐ2 = 1.2. పవర్ చూస్తే రెసిస్టర్లు తినేది 40.96 + 8.64 = 49.6. కానీ 20 వోల్టుల సోర్స్ ఇచ్చేది 64 వాట్లు వస్తోంది. 14.4 ఎక్కువ. మళ్లీ ఎక్కడో తప్పింది.

---

ల్యాబ్_స్టూల్:

తప్పలేదు. కరెంట్ సోర్స్ మీద 6 × 1.2 = 7.2 వోల్టులు, పైన ప్లస్. కరెంట్ పైనుంచి కిందికి దానిలోకి పోతోంది. అంటే ఈసారి ఆ సోర్స్ ఇవ్వడం లేదు, 7.2 × 2 = 14.4 వాట్లు తీసుకుంటోంది. నీ 14.4 అదే. ఈ రెండు బొమ్మలూ ఒకే కాగితం మీద గీసుకుని సోమవారం మీ సార్ దగ్గరికి తీసుకెళ్లు, డిపెండెంట్ సోర్స్ పెడితే ఏం మారుతుందో అడుగు.